ఆపా అడిగిన ఖలం

పొద్దున్నే వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతుంటే వాసన వచ్చింది. తడిసిన ఎర్రమట్టి, మాగిన పెంట, వేపపిండి కలిసిన వాసన. తెలియనివాళ్లయితే ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. తలెత్తి చూస్తే డాబా మీది గొట్టం నుంచి ఎర్రటి నీళ్లు బొట్టు బొట్టుగా కారి, సరిగ్గా మా ఆయన స్కూటర్ సీటు మీద పడుతున్నాయి. పై పోర్షన్‌లోకి కొత్తగా కిరాయికి వచ్చిన లావణ్య తన గులాబీ డబ్బాలకు నీళ్లు పోస్తోందన్నమాట. మా ఆయన బయటికి వచ్చాడు. సీటు వైపు చూశాడు, పైకి చూశాడు.

"స్లాబు ఖరాబైతది. ఆ డబ్బాలన్నీ దింపుమని చెప్పు ఆ పిల్లకు. కాదంటే ఖాళీ చేయుమను" అన్నాడు.

సిద్దిపేటలో ఏ ఇంటి ఓనరైనా అనే మాటే అది. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట నేను ఇదివరకే విన్నాను, వేరే ఇంట్లో, వేరే మనిషి నోట. అప్పుడు ఆ మాట ఎవరిని నిలువ నీడ లేకుండా చేసిందో నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు. తెలిసిన మనిషి నోట అదే మాట అంత అలవోకగా ఎలా వచ్చిందా అని నా కోపం. జుబేదా ఆపా ఎవరో చెప్పకపోతే, ఈ ఆడమనిషి నాలుగు నీళ్ల చుక్కలకు ఇంత ఎగిరిపడుతుందేమిటని మీరు అనుకుంటారు. అందుకని ముందు ఆమె సంగతి చెబుతాను.

నేను జగదేవ్‌పూర్ పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చినదాన్ని. మా ఆయన అప్పట్లో బట్టల దుకాణంలో గుమాస్తా. మేము దిగిన ఇంట్లో ముందు భాగమంతా ఓనరు కుటుంబానిది, వెనక ఒక గది మాది, దాని పక్క గది జుబేదా ఆపాది. ఆపా అంటే అక్క. గల్లీలో చిన్నా పెద్దా, హిందువులూ ముస్లిములూ అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. భర్త లారీ డ్రైవరు, పెళ్లయిన కొన్నేళ్లకే పోయాడు. పిల్లలు లేరు. జాకెట్లు, లంగాలు కుట్టుకుని బతికేది. వాళ్ల నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడట, ఉర్దూలోనూ తెలుగులోనూ. ఆయన వదిలి వెళ్లిన ఆస్తి ఖాళీ పెయింటు బకెట్లు. వాటినే ఆమె డాబా మీదికి ఎక్కించి గులాబీలు పెంచుతోంది.

మొదటిసారి బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కినప్పుడు నేను మెట్ల మీదే ఆగిపోయాను. పెయింటు బకెట్లు, నూనె డబ్బాలు, సొట్టలు పోయిన బిందె, పసిపిల్లలకు నీళ్లు పోసే టబ్బు, అన్నిట్లోనూ గులాబీలే. ఎరుపు, పసుపు, నెత్తురు గడ్డకట్టినట్టుండే నలుపు. వాటి మధ్య పొడుగ్గా, సన్నగా ఒక మనిషి వంగి ఉంది. చేతిలో తడి ఇసుక డబ్బా. నా వైపు తిరగకుండానే, "ఎవరు బిడ్డా, కొత్తగ వచ్చినామెనా? జర ఖలం తే, జల్ది. ఇసుక ఆరిపోతది" అంది.

నేను కిందికి పరుగెత్తి మా ఆయన చొక్కా జేబులోని పెన్ను తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. నవ్వలేదు. కనుబొమలు ముడిపడ్డాయి.

"గిదేంది?"

"కలం" అన్నాను.

"దీన్ని నాటితె ఏం మొలుస్తది? పలకలు కాస్తయా, బలపాలు కాస్తయా?"

పెన్ను తీసి తన జుట్టు ముడిలో గుచ్చుకుని, పిట్టగోడ మీద తడిబట్టలో చుట్టి పెట్టిన కొమ్మల కట్ట తనే వెళ్లి తెచ్చుకుంది. నాటడానికి కోసిన కొమ్మను వాళ్ల మాటలో ఖలం అంటారని అప్పుడు తెలిసింది. రాసేదీ ఖలమే, నాటేదీ ఖలమే. "మా అబ్బా రెల్లుపుల్లతోని రాసేటోడు. పుల్ల కొస గిట్ల ఏటవాలుగ చెక్కుతుండె. కొమ్మను గూడ గట్లనే కొయ్యాలె. తిన్నగ కోస్తె నీళ్లు నిలుస్తయ్, కుళ్లుతది" అని చెబుతూ, పెన్సిలంత లావున్న కొమ్మను కణుపు కింద ఒక్క వేటుకు కోసింది. కింది ఆకులు తీసేసి, ఇసుకలో గుచ్చి, సగానికి కోసిన నీళ్ల సీసా మీద బోర్లించింది. ఇదంతా తిడుతూనే చేసింది. పెన్ను మాత్రం తిరిగి ఇవ్వలేదు. మా ఆయన సాయంత్రం దాకా దాని కోసం ఇల్లంతా వెతికాడు.

ఆపా మెత్తని మనిషి కాదు. పూలు పెంచేవాళ్లు పూలలాగా ఉంటారని ఎవరన్నారో గాని, ఆమెను చూడలేదు. బండి మీద గులాబీ మొక్కలు అమ్మేవాడు గల్లీలోకి వస్తే ఎదురెళ్లి పోట్లాడేది. నల్ల కవర్లో జిగట మట్టి కూరి, పూసిన కొమ్మ చూపించి జనాన్ని మోసం చేస్తున్నావని. అంటు కింది నుంచి పుట్టుకొచ్చే ముళ్ల కొమ్మను దొంగకొమ్మ అనేది. "తినేదంత వాడు తింటడు, పేరు చెట్టుది" అంటూ మొదలంటా పీకేసేది. హోటల్ నుంచి వాడేసిన చాయ్‌పత్తి తెచ్చి, చక్కెర పోయేదాకా కడిగి, ఎండబెట్టి మట్టిలో కలిపేది. కడగకుండా వేస్తే చీమలు పడతాయట. డాబా ఎక్కిన ప్రతివాళ్లూ ముచ్చటపడి ఒక చెంబు నీళ్లు పోసి పోతుంటే ఆమెకు పిచ్చికోపం వచ్చేది. "వేలు పెట్టి చూడున్రి. లోపల పొడిగుంటెనే పొయ్యున్రి. ప్రేమ ఎక్కువైతె ఏర్లు మురుగుతయ్" అని అరిచేది. ఒక్కో డబ్బా కింద మూడేసి ఇటుక ముక్కలు ఉండేవి. గాలి ఆడాలి, నీళ్లు నిలవకూడదు, ఓనరు స్లాబుకు మచ్చ పడకూడదు. కిరాయికి ఉన్నామన్న స్పృహ ఆమెకు ఎప్పుడూ ఉండేది, ఎవరూ గుర్తు చేయనక్కర లేకుండానే.

నాకూ ముక్కు మీదే కోపం. గదిలో పొద్దస్తమానం ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడవద్దని మా ఆయన చెప్పి వెళ్లేవాడు. ఒకరోజు ఆయనతో గొడవపడి డాబా ఎక్కి, ఆపా కత్తెర తీసుకుని ఎండిన పూలు తెంపుతానని మొదలుపెట్టి, కనపడిన కొమ్మనల్లా కత్తిరించేశాను. ఆపా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, నొప్పి పుట్టేలా.

"కోపంల కత్తి పట్టకు. చెయ్యి వంకర పోతది."

"అయితే కోపం పోయినంక వస్తలే" అన్నాను.

"కోపం పోవద్దు" అంది ఆమె. "పోతె మల్ల ఏ పనీ చెయ్యవు. పోనియ్యకు, నిలబడనియ్. నిలబడ్డంక కొయ్యి."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆమె నన్ను కూర్చోబెట్టి, నేను పాడుచేసిన కొమ్మలన్నీ ఒక్కొక్కటిగా నా చేతనే సరిచేయించింది. అయ్యేసరికి కోపం అలాగే ఉంది గాని చెయ్యి వణకడం లేదు. ఆ సాయంత్రం మా ఆయనకు అరవకుండా, ఏడవకుండా, రేపటి నుంచి ఆపా దగ్గర కుట్టు నేర్చుకుంటానని చెప్పాను. ఆయన సరేనన్నాడు. ఈ రోజు నేను నడిపే టైలరింగ్ దుకాణం ఆ సాయంత్రం మొదలైనదే.

ఓనరమ్మ పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టుతో డాబా ఎక్కి, పూజకు పూలు కోసుకుని పోయేది. అడిగేది కాదు. ఆపా కూడా ఎన్నడూ వద్దనలేదు. "దేవునికే గదా, ఎవరి దేవునికైతె ఏంది" అనేది. గురువారం దర్గాకు పోయేవాళ్లకూ ఆ పూలే, పండగకు తలలో పెట్టుకునేవాళ్లకూ ఆ పూలే. గల్లీలో ఆమె గులాబి పెట్టుకోని ఆడపిల్ల లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆ ఇళ్లలో ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు.

ఓనరు ఇంట్లో పైకప్పుకు మచ్చ పడింది. పూజగదిలో, సరిగ్గా దేవుడి పటాల పైన. ఆయన పైకి వచ్చి డబ్బాలు చూసి, "ఇవ్వే. వీటి నీళ్లే దిగుతున్నయ్. స్లాబు ఖరాబైతంది. అన్నీ దింపు" అన్నాడు. ఆపా ఒక డబ్బా ఎత్తి కింద ఎండిపోయి ఉన్న ఇటుకలు చూపించింది. డాబా మూలన, పై అంతస్తు ఎప్పుడైనా కడతానని ఆయన వదిలిన పిల్లర్ల చువ్వలు ఉన్నాయి. వాటి మొదట్లో సిమెంటు పగిలి, వేలు దూరేంత సందు ఉంది. అదీ చూపించింది. ఆయన అటు చూడనైనా చూడలేదు. "ఇల్లు నాది" అని దిగిపోయాడు.

ఆ వారంలోనే ఆపా చెల్లెలికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే బెజ్జంకి వెళ్లింది. మొక్కలు నాకు అప్పగించింది. మర్నాడు పొద్దున ఓనరు ఇద్దరు కూలీలను తెచ్చాడు. నేను చప్పుడు విని పైకి వెళ్లేసరికి వాళ్లు డబ్బాలు ఎత్తి పిట్టగోడ మీది నుంచి పక్కనున్న ఖాళీ జాగలోకి విసురుతున్నారు. మోసుకుని దింపడం కూడా కాదు, విసరడం. పెయింటు బకెట్టు రాయి మీద పడి పగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను అడ్డంపోయి ఒక బకెట్టును రెండు చేతులా పట్టుకున్నాను. ముళ్లు గీరుకుని మోచేతుల దాకా నెత్తురు. "ఆపా వచ్చేదాక ఆగు. ఆమె సొమ్ము ఆమె లేనప్పుడు ముట్టుడేంది?" అని అరిచాను.

ఓనరు నన్ను ఎగాదిగా చూసి, "నడువ్ కిందికి. నువ్వెంత, నువ్వు గూడ కిరాయిదానివే" అన్నాడు.

కిరాయికున్నావు అనడం వేరు, కిరాయిదానివి అనడం వేరు. తెలుగు తెలిసిన ఏ ఆడదానికైనా ఆ తేడా తెలుసు. ఆయనకూ తెలుసు. కూలీల్లో ఒకడు తల దించుకున్నాడు. మా ఆయన అప్పుడే పైకి వచ్చాడు, ఆ మాట విన్నాడు. విని, నా భుజం పట్టుకుని, "మనకెందుకు లొల్లి, దా" అని కిందికి లాక్కొచ్చాడు. గల్లీలో కిటికీలు తెరుచుకున్నాయి, తలుపులు తెరుచుకోలేదు. ఓనరమ్మ ముందు రోజు కోసిన పూలు దేవుడి పటం మీద ఇంకా వాడలేదు.

సాయంత్రానికి ఆపా వచ్చింది. డాబా ఎక్కి దిగింది. ఇక ఇల్లు పీకి పందిరి వేస్తుందని అనుకున్నాను. వేయాలని కోరుకున్నాను కూడా. ఆమె నా గడపలో కూర్చుని మంచినీళ్లు అడిగింది, తాగింది. నా చేతుల మీది గీతలు చూసి, "గివేంది" అంది. జరిగింది చెప్పాను. డబ్బాల సంగతి అంతా కదలకుండా విన్నది. ఓనరు నన్ను అన్న మాట చెప్పగానే లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా నేరుగా ఆయన వాకిట్లోకి వెళ్లింది. నేను వెనకాలే ఉన్నాను.

"నా డబ్బాలు పారేసినవ్. సరే, స్లాబు నీది. ఈ పిల్లను ఏమన్నవో మల్ల అను. నా ముంగట అను."

ఆమె గొంతు పెంచలేదు. డాబా మీద అన్ని అరుపులు అరిచే మనిషి అంత నెమ్మదిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఓనరు నీళ్లు నమిలాడు. "నేనేమన్న? కిరాయికున్నరు అన్న, గంతే గదా" అన్నాడు.

"కిరాయి గదికి. మనిషికి కాదు" అంది ఆపా. "అది యాది పెట్టుకో. నెలాఖరుకు నేను పోతున్న. వాన పడనియ్, మచ్చ యాడికెళ్లి వస్తుందో నీ స్లాబే నీకు చెప్తది."

గులాబీల కోసం ఆమె ఆ గడప తొక్కలేదు, నా కోసం తొక్కింది. నన్ను కట్టుకున్నవాడు చేయని పని పక్క గదిలో ఉండే మనిషి చేసింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా నిప్పులా ఉంది. ఆ తర్వాత ఆమె ఖాళీ జాగలోకి దిగి, పగిలిన డబ్బాల మధ్య కూర్చుని, "బిడ్డా, కత్తి తే" అంది. ఈసారి పొరపాటు పడలేదు. వాడిపోకముందే పనికొచ్చే కొమ్మలన్నీ కోసింది, అన్నీ ఏటవాలుగా. కోసినవి కోసినట్టు నేను తడిబట్టలో చుట్టాను. చీకటి పడేదాకా అదే పని.

ఆపా వెళ్లిపోయింది. ఆ వానాకాలం ఓనరు పూజగది మచ్చ అరచేయంత ఉన్నది కాస్తా చాటంత అయింది. దేవుడి పటాల మీద చుక్కలు పడ్డాయి. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను, దాచుకోను కూడా. చివరికి మేస్త్రీని పిలిపించి, ఆ చువ్వల దగ్గర సందులో సిమెంటు కూరించాడు. కురవడం ఆగింది. ఆపాను పిలిచి తప్పయిందని ఒక్క మాట అనలేదు. అనమని నేను ఓనరమ్మతో అంటే, "ఇప్పుడెందుకు అవన్నీ" అంది. పూలు కొనుక్కోవాల్సి వస్తోందని మాత్రం బాధపడింది.

ఆపా ఆ తర్వాత ఊళ్లో ఎన్నో ఇళ్లు మారింది. ఎక్కడికి పోయినా ముందు అడిగేది గది ఎంత పెద్దదని కాదు, డాబా ఎక్కనిస్తారా అని. ఆఖరి ఇంట్లో డాబాకు తాళం. అందుకని గుమ్మం ముందు మెట్లకు ఇరువైపులా డబ్బాలు పెట్టుకుంది. కొన్నేళ్ల కింద ఆమె పోయిందని తెలిసి వెళ్లేసరికి, జనాజా మీద వేయడానికి ఎవరో బజారు నుంచి ప్లాస్టిక్ కవర్లో గులాబి రెక్కలు తెచ్చి పెట్టారు. నలిగి, వాసన లేని రెక్కలు. బయట మెట్ల మీద ఆమె సొంత గులాబీలు విరగబూసి ఉన్నాయి. ఎవరికీ తట్టలేదు. నాకు వచ్చిన కోపానికి ఆ కవరు లాగి అవతల పారేద్దామనిపించింది. కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. చెయ్యి కుదురుకున్నాక ఆమె కత్తెర అడిగి తీసుకుని, పూసిన ప్రతి పువ్వూ కోసి లోపలికి పంపాను. వచ్చేటప్పుడు ఆమె చెల్లెలు దేశీ గులాబి ఉన్న పెయింటు బకెట్టు నా చేతిలో పెట్టింది. బతికినన్నాళ్లూ ఆమె ఒక్క మొక్కను కూడా నేలలో నాటలేదు. ఆమెది అనే నేల ఉంటే కదా.

ఆ దేశీ గులాబి ఇప్పుడు మా వాకిట్లో, ఇంకా అదే పెయింటు బకెట్టులో ఉంది. మాకు నేల ఉంది. కుట్టి కుట్టి నేనూ, సొంత దుకాణం పెట్టి ఆయనా సంపాదించిన నేల. అయినా దాన్ని బకెట్టులోంచి తీయబుద్ధి కాలేదు. ఈ పొద్దున ఆ బకెట్టు పక్కనే నిలబడి మా ఆయన స్లాబు గురించి మాట్లాడాడు.

"ఆపాను యాది చేసుకో" అన్నాను.

"అదీ ఇదీ ఒకటేనా? ఇల్లు కట్టేటప్పుడు ఎంత తిప్పలపడ్డమో నీకు ఎరుకలేదా? మనకెందుకు లొల్లి, దింపుమను."

మళ్లీ అదే మాట, మనకెందుకు లొల్లి. అప్పుడు కిరాయికున్నాం కాబట్టి మనకెందుకు, ఇప్పుడు ఓనర్లం కాబట్టి మనకెందుకు. ఈ మనిషికి ఏ లొల్లి ఎప్పుడు తనదవుతుందో నాకు తెలియదు. నోటిదాకా చాలా వచ్చాయి. మింగి, ఇంటి వెనక మిగిలిపోయిన ఇటుకలు తట్టలో వేసుకుని, నడుముకు కత్తి దోపుకుని, దేశీ గులాబి నుంచి ఒక మంచి కొమ్మ విరిచి తడి కొంగులో చుట్టుకుని మెట్లెక్కాను.

లావణ్య నన్ను చూసి హడలిపోయింది. వాళ్లాయన భివండిలో మగ్గం పని చేస్తాడు. ఇక్కడ ఈ పిల్ల ఒక్కతే. "అంకుల్ అన్నది ఇనపడ్డది ఆంటీ. తీసేస్తా, ఇయ్యాలనే తీసేస్తా" అంది. కళ్లల్లో నీళ్లు. అప్పటికే ఒక డబ్బా ఎత్తి చంకన పెట్టుకుంది. డబ్బాలన్నీ నేరుగా స్లాబు మీద, కింద ఇటుక ముక్క లేదు. మట్టి చూస్తే బురద బురదగా ఉంది.

"దించు అది. నిన్ను ఎవరు తియ్యమన్నరు? రోజూ ఇన్ని నీళ్లు పొయ్యుమన్నదెవరు? వేలు పెట్టి చూసినవా ఎన్నడన్న?" అని అరిచాను. ఆ గొంతు నాది కాదు, ఆపాది. ఇద్దరం కలిసి ఒక్కో డబ్బా ఎత్తి కింద ఇటుకలు పెట్టాం. గొట్టం దగ్గర కారడం సన్నగిల్లింది. ఒక డబ్బాలో మొక్క ఎండి మట్టి ఖాళీగా ఉంది. కొంగు ముడి విప్పి కొమ్మను పిట్టగోడ మీద పెట్టి, మట్టి గుల్ల చేస్తూ, తల తిప్పకుండానే, "జర ఖలం తే బిడ్డా" అన్నాను.

చెప్పుల చప్పుడు లోపలికి పోయింది, తిరిగి వచ్చింది. పిల్ల నా ముందు పెన్ను పట్టుకుని నిలబడింది. "ఏం రాసియ్యాలె ఆంటీ? ఖాళీ చేస్తనని రాయాల్నా?"

ఒకప్పుడు ఆపా కొమ్మ అడిగితే నేను పెన్ను అనుకున్నాను, అంతే. ఈ పిల్ల పెన్ను అనుకోవడమే కాదు, దానితో తన గదే పోతుందని అనుకుంది. నా ఇంట్లో, నా డాబా మీద.

"చెప్పినవా?" కింది నుంచి మా ఆయన కేక వేశాడు. "దింపుతుందా?"

పెన్ను తీసుకుని జుట్టు ముడిలో గుచ్చుకున్నాను. పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూశాను. ఆయన పాత గుడ్డతో సీటు తుడుచుకుంటున్నాడు.

"కిరాయి గదికి, మనిషికి కాదు. యాదికున్నదా?" అన్నాను. గొంతు పెంచలేదు. "స్కూటర్ అవతల పెట్టుకో. పైకి వచ్చేటప్పుడు ఇంకిన్ని ఇటుకలు పట్టుకొని రా."

ఆయన తుడవడం ఆపి పైకి చూశాడు. వస్తాడో రాడో అని నేను ఎదురుచూడలేదు. కోపం పోలేదు. నిలబడింది. వెనక్కి తిరిగి, కొమ్మ చేతిలోకి తీసుకుని, కణుపు కింద కత్తి ఏటవాలుగా పెట్టాను.